నాన్నగారి ఒత్తు

మాది బరంపురం. నాన్నగారు జయపురంలో ఉద్యోగం చేస్తూ అమ్మకు వ్రాసిన ఇన్లాండ్ ఉత్తరాలు ట్రంకు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. సిరా వెలిసిపోయింది, అమ్మ చూపూ తగ్గింది. వాటిని ఫొటో తీసి, అక్షరాలు తేల్చి పెద్దవిగా చూపే యాప్ ఒకటి ఫోనులో చేసిపెడదామనుకున్నాను.

అందుకు ఓపెన్‌సీవీ ఉంది. 1999లో ఇంటెల్‌లో మొదలైన ఈ లైబ్రరీ అందరికీ ఉచితం. ఒకప్పుడు దీన్ని ఆండ్రాయిడ్ ప్రాజెక్టులో చేర్చాలంటే పెద్ద మూట దించుకుని మాడ్యూలుగా అతికించుకోవాలి. 2023 డిసెంబరులో వచ్చిన 4.9 నుంచి గ్రేడిల్ ఫైలులో ఒక్క వరుస చాలు. ఆ వరుస వ్రాసి మురిసిపోయాను. యాప్ తెరవగానే మూతపడింది! వాడేముందు లైబ్రరీని లోడు చేయాలన్న సంగతి మరిచాను. అదీ చేర్చాక నడిచింది.

మరకలు పోవాలని మీడియన్ బ్లర్ గట్టిగా పెట్టాను. కాగితం మల్లెపూవులా తెల్లబడింది. అమ్మ కళ్లజోడు సర్దుకుని, "మీ నాన్నగారు ఒత్తు మరిచే మనిషి కాదురా. 'బాద' అని ఎందుకు వ్రాస్తారు?" అంది. 'ధ' కింది చిన్న గీతను మరకల్లో కలిపి నేనే తుడిచేశాను! బ్లర్ తగ్గించాను. మరకలు కొన్ని తిరిగొచ్చాయి, వాటితో ఒత్తూ వచ్చింది.

"బాధపడకు, పండక్కి వస్తాను" అని అమ్మ పైకి చదివింది.

మా అబ్బాయికి ఒడియా, ఇంగ్లీషు వచ్చు. తెలుగు చదవడం రాదు. వాడు నానమ్మ పక్కన చేరి, "ఆ గీత ఎందుకు?" అన్నాడు. అమ్మ పలక తెమ్మంది.