మిక్కీ వాఫుల్, పులిహోర డబ్బా

సీలియాక్ జబ్బున్న పిల్లాడితో ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కి బయల్దేరే తల్లిదండ్రులు రైడ్ల కంటే ముందు మెనూలు చూస్తారు. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ కాస్త లోపలికి వెళ్లినా చాలు, ఆ పిల్లాడి రోగనిరోధక వ్యవస్థ తన చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. జీవితాంతం పథ్యమే దారి.

అమెరికాలో ప్యాకెట్ మీద ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే పది లక్షల పాళ్లలో గ్లూటెన్ 20 పాళ్ల లోపే ఉండాలని 2013లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నియమం పెట్టింది. పార్కులో పిల్లలు మారాం చేసేది మాత్రం ప్యాకెట్, లేబుల్ లేని వేడివేడి ఫ్రెంచ్ ఫ్రైస్ కోసం. బంగాళాదుంపలో గ్లూటెన్ లేదు. కానీ అదే నూనెలో పిండి పూసిన చికెన్ కూడా వేయిస్తే అవి పనికిరావు. కౌంటర్ దగ్గర మొహమాటపడకుండా అడగాల్సిన మాట అదే.

డిస్నీలో చాలా రెస్టారెంట్లలో అలర్జీ ఉన్నవాళ్లకు విడిగా మెనూ ఉంటుంది. మిక్కీ మౌస్ ఆకారంలో ఉండే మిక్కీ వాఫుల్ కూడా గ్లూటెన్ లేకుండా దొరుకుతుంది. చెల్లెలు తింటున్నదే తనూ తినగలగడం ఆ పిల్లాడికి ఎంత పెద్ద సంగతో! అక్కడి షాపింగ్ ప్రాంతం డిస్నీ స్ప్రింగ్స్‌లోని ఎరిన్ మెకెన్నాస్ బేకరీలో అయితే అన్నీ గ్లూటెన్ లేనివే.

ఇంటి తిండి కూడా లోపలికి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాల్లో కాకుండా. తెలుగువాళ్లు పులిహోర కట్టుకెళ్లొచ్చు. బియ్యంతో పేచీ లేదు, ఇంగువతోనే. బజారులో దొరికే పొడి ఇంగువలో తరచూ గోధుమపిండి కలుపుతారు. డబ్బా వెనక చదివాకే పోపు వేయాలి.