పక్కింటి తలుపు

గత వారం భిలాయి నుంచి ఫోను వచ్చింది. మా పక్కింటి బాబాయిగారు ఇక లేరు. ఆయన ఏ పార్టీలోనూ పదవి చేపట్టినవారు కారు. పత్రికల్లో ఆయన పేరు ఎన్నడూ రాలేదు. అయినా రాజకీయాల గురించి రాసే ఈ చోట ఆయన గురించి రాయడం నేను చాలాకాలంగా పడివున్న బాకీ.

శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి ఉక్కు కర్మాగారంలో చేరినవారాయన. సోవియట్ సహకారంతో నిర్మించిన ఆ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. దానితోపాటే సెక్టార్లు, క్వార్టర్లు, బడులు, ఆసుపత్రి వెలిశాయి. అవన్నీ పర్మనెంటు ఉద్యోగులవి. కాంట్రాక్టు కూలీలకు, చుట్టూ ఉన్న ప్రైవేటు కర్మాగారాల కార్మికులకు మిగిలినవి బస్తీలు. ఒకే పొగ పీల్చే ఆ పట్టణంలో రెండు ఊళ్లుండేవి. మేము మొదటి ఊరివాళ్లం. బాబాయిగారూ అంతే, కానీ తన కింద పనిచేసే కాంట్రాక్టు కూలీకి హెల్మెట్ అందేదాకా పని మొదలుపెట్టనిచ్చేవారు కారని తోటివారు చెప్పుకునేవారు.

ఆ రెండో ఊరిని సంఘటితం చేసినవాడు శంకర్ గుహా నియోగి. జీవించదగిన వేతనం, పనికి భద్రత అడిగిన ఆ నాయకుణ్ణి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రిస్తుండగా కాల్చి చంపారు. మరుసటి ఏడాది జూలై 1న కార్మికులు కుటుంబాలతో సహా పవర్‌హౌస్ రైల్వేస్టేషన్ వద్ద పట్టాలపై బైఠాయించారు. పోలీసు కాల్పుల్లో పదిమందికి పైగా కార్మికులు మరణించారు.

ఆ సాయంత్రం ఒక స్త్రీ ఇద్దరు పిల్లలతో మా వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. మొదట తట్టింది మా తలుపే. నాన్నగారు తీయలేదు. కిటికీ వెనుక నిలబడి నేను చూస్తూనే ఉన్నాను. పక్కింటి తలుపు తెరుచుకుంది.

రైలు ఆపడాన్ని బాబాయిగారు సమర్థించలేదు. మరునాడు నాన్నగారు వెళ్లి, ఉద్యోగానికి ముప్పు వస్తుందని హెచ్చరిస్తే ఆయన అన్నది ఒక్కటే: “పట్టాల మీద కూర్చోవడం తప్పో ఒప్పో తీరిగ్గా వాదించుకుందామండీ. ముందు పిల్లలు అన్నం తినాలి కదా.” మూడో రోజున భర్త వెతుక్కుంటూ వచ్చేదాకా ఆమె ఆ ఇంట్లోనే ఉంది. ఆ సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. నాన్నగారిని చిన్నచూపు చూడలేదు. ఆ సంక్రాంతికి ఆ ఇంటి అరిసెలు ఎప్పటిలాగే మా ఇంటికి వచ్చాయి.

నియోగి హత్యకేసులో 2005లో సుప్రీంకోర్టు పల్టన్ మల్లాకు యావజ్జీవ శిక్ష విధించి, పారిశ్రామికవేత్తల విడుదలను సమర్థించింది. ఆ తీర్పుపై నేనొక ఘాటైన వ్యాసం రాశాను. బాబాయిగారు ఫోను చేశారు. “తీర్పు గురించి బాగా రాశావు బాబూ. మన వీధి గురించి రాయలేదేం?” జవాబు చెప్పలేకపోయాను.

ప్రభుత్వాలను, కోర్టులను, పెట్టుబడిదారులను ప్రశ్నించడం నా వృత్తి. అది అవసరమే. కానీ నాన్నగారి తలుపు గురించి రాయడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన చెడ్డవారు కారు, భయపడ్డారు. అణచివేతకు కొన్ని తుపాకులు చాలు. అది నిలబడడానికి మాత్రం మంచివాళ్ల ఇళ్లలో మూసివున్న తలుపులు అనేకం కావాలి.

చాలా ఆలస్యమైంది బాబాయిగారూ. మన వీధి గురించి ఈ రోజు రాశాను.