తెలీదు అంటే కాదు అని కాదు

రెండేళ్ల కిందట నేను రాసిన ఒకే ఒక్క లైను వల్ల పాశమైలారంలో ఒక పెద్దాయనకి మెమో వచ్చింది. ఆ లైను చూస్తే మీరూ "ఇందులో తప్పేముంది?" అంటారు. కోడ్ రివ్యూ చేసిన మావాడూ అదే అన్నాడు.

ముందు కాస్త నేపథ్యం. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా హైవేకి అటూ ఇటూ ఉన్న బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో సాల్వెంట్ ట్యాంకులు కనిపిస్తాయి, పడుకోబెట్టిన సిలిండర్లలాంటివి. టోలీన్, మెథనాల్, అసిటోన్ వగైరా. లోపల ఎంతుందో తెలియాలంటే పైనుంచి డిప్ రాడ్ దించి, ఎంతవరకు తడిసిందో చూసి, గోడకున్న చార్టులో లీటర్లు వెతుక్కోవాలి. నిలబెట్టిన ట్యాంకైతే ఏ గొడవా లేదు, ఎత్తుకి తగ్గ లీటర్లు. పడుకున్నదానికి అలా కుదరదు. 2 మీటర్ల వ్యాసం, 6 మీటర్ల పొడవు ఉన్న ట్యాంకులో సరిగ్గా సగం దగ్గర ఒక్క సెంటీమీటర్ అంటే 120 లీటర్లు. అదే అడుగు నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో 52 లీటర్లే. (రెండు చివర్లా ఉండే ఉబ్బు వదిలేశా, ఆ గోల వేరు.)

ఆ చార్టులు తీసేసి సాఫ్ట్‌వేర్ పెట్టే పని మా చిన్న కంపెనీకి వచ్చి, తిరిగి తిరిగి నా నెత్తిన పడింది. ఒక్కో ట్యాంకు ఒక్కో సైజు. ఫార్ములా ఒక్కసారి అక్షరాలతో తయారుచేసుకుని అందులోంచే అన్నిటికీ కోడ్ పుట్టిద్దామని సింపై పట్టుకున్నా. తెలియనివాళ్ల కోసం: పైథాన్‌లో అంకెలతో కాకుండా ఎక్స్, వైలతోనే లెక్కలు చేసిపెట్టే లైబ్రరీ అది. ఓంద్రెయ్ చెర్తీక్ అనే ఆయన 2006 ప్రాంతంలో మొదలుపెట్టాడు.

అందులో నాకు బాగా నచ్చిన సంగతి, మనకి కావలసిన ఫంక్షన్ లేకపోతే ఫంక్షన్ అనే క్లాసుకి ఒక సబ్‌క్లాస్ రాసుకోవచ్చు. ఇక అది సైన్, కొసైన్‌ల పక్కన దర్జాగా కూర్చుంటుంది. ఎవాల్ అని ఒక మెథడ్ ఉంటుంది. జవాబు కచ్చితంగా తెలిస్తే ఇవ్వాలి, తెలియకపోతే నన్ ఇవ్వాలి. నన్ వస్తే సింపై ఆ ఫంక్షన్‌ని విప్పకుండా అలాగే ఉంచుతుంది, తర్వాత చూసుకుందాం అన్నట్టు. ఎఫ్‌డిఫ్ అని ఇంకోటి రాస్తే డెరివేటివ్ మనం చెప్పినట్టు వింటుంది.

ఆ ఎఫ్‌డిఫ్ రాసేటప్పుడు భలే ముచ్చటేసింది. ఘనపరిమాణం ఫార్ములా చూస్తే ఇన్వర్స్ కొసైన్‌తో చాంతాడంత ఉంటుంది. దాని డెరివేటివ్ మాత్రం ద్రవం పైతలం వెడల్పు ఇంటూ ట్యాంకు పొడవు, అంతే. ఆ వెడల్పు వృత్తంలో జ్యా. డిప్ రాడ్ మీద తడిసిన ఎత్తు దాని శరం. జ్యాకి అటూ ఇటూ ఉన్న రెండు శరాల లబ్ధమే అర్ధజ్యా వర్గమని ఆర్యభటుడు 499 నాటికే ఆర్యభటీయంలో పెట్టేశాడు. ఇంజనీరింగ్ నాలుగేళ్లలో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు, చెప్పినా వినేవాణ్ని కాదనుకోండి :)

సరే, అసలు విషయం. ట్యాంకు అడుగున నాజిల్ కంటే కింద మిగిలేది పంపుకి అందదు. దాన్ని డెడ్ స్టాక్ అంటారు. కాబట్టి వాడుకోగలిగేది ఎంత అంటే, మొత్తం ఎత్తుకి వచ్చే లీటర్లలోంచి నాజిల్ ఎత్తుకి వచ్చే లీటర్లు తీసేయాలి. రెండిటికీ నా ఫంక్షనే. ఎవాల్‌లో మొదటి లైను ఇలా రాశా: ఎత్తు పాజిటివ్ కాకపోతే సున్నా ఇవ్వు. ఖాళీ ట్యాంకులో సున్నా లీటర్లు, ఎంత న్యాయంగా ఉందో చూడండి.

కానీ సింపైలో "ఇది పాజిటివేనా?" అని అడిగితే మూడు జవాబులొస్తాయి. అవును, కాదు, నన్, అంటే తెలీదు. డిప్ ఎత్తుని పాజిటివ్ అని డిక్లేర్ చేశా. నాజిల్ ఎత్తుకి ఆ మాట చెప్పడం మర్చిపోయా. అది నన్ అంది. పైథాన్‌లో నాట్ నన్ అంటే ట్రూ. అలా "తెలీదు" కాస్తా "కాదు" అయిపోయి, డెడ్ స్టాక్ మొత్తం సున్నా అయింది. పుట్టిన కోడ్‌లో నాజిల్ ఎత్తు అనే వేరియబులే లేదు. మరి టెస్టులు? రాశా, బ్రహ్మాండంగా పాసయ్యాయి. అన్నీ అంకెలతో రాసినవే, అంకెకి తన గుర్తు తనకి తెలుసు కదా.

నాజిల్ 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. లెక్క కడితే 640 లీటర్లకి కాస్త ఎక్కువ. పంపు గాలి పీలుస్తోంది, స్క్రీన్ మీద మాత్రం ఇంకా 640 లీటర్లు వాడుకోవచ్చని ఉంది. స్టోర్స్ పెద్దాయన అది డెడ్ స్టాక్ అని మొత్తుకున్నాడు. "డెడ్ స్టాక్ సాఫ్ట్‌వేరే తీసేస్తుందయ్యా, కాలమ్ పేరే అది" అన్నారు మేనేజర్లు. అంటే టోలీన్ ఎటో పోయినట్టే కదా! మెమో, రెండు రోజుల జీతం కోత.

నేను సైట్‌కి వెళ్లినప్పుడు నా మీద కేకలేస్తాడేమో అనుకున్నా. ఆయన జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు, పాత చార్టు మొత్తం చేత్తో ఎక్కించుకున్నది. "సార్, మీ కంప్యూటర్ల ఉన్నదంటది, ట్యాంకుల లేదు. ముప్పై ఏండ్ల సంది రాడ్ దించుతున్న. గీ కింది లెక్కనే జర చూడుండ్రి" అన్నాడు. అక్కడే స్టూలు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచి ఫ్రీ సింబల్స్ ఏమున్నాయని అడిగా. నాజిల్ ఎత్తు లేదు. చెవులు వేడెక్కడం అంటే ఏంటో అప్పుడు తెలిసింది.

సరిచేయడానికి ఎంతసేపు? "పాజిటివ్ కాకపోతే" తీసేసి "సున్నా అని తెలిస్తే" అని మార్చా. అక్షరాలతో కూడా టెస్టులు రాశా. సాయంత్రానికి స్క్రీన్ మీద అంకె, నోటుబుక్కులో అంకె ఒకటే. తప్పు నాదేనని ఫ్యాక్టరీ హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టా, మా మేనేజర్ వద్దంటున్నా. నెల తర్వాత మెమో వెనక్కి తీసుకున్నారు.

ఆ రెండు రోజుల జీతం సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు. మొన్న ఇస్నాపూర్ చౌరస్తాలో కనిపిస్తే నేనే అడిగా. "రాలే సారూ" అని నవ్వి, నన్ను చాయ్ బండి దగ్గరికి తీసుకెళ్లాడు. డబ్బులు ఆయనే ఇచ్చాడు, నన్ను ఇయ్యనియ్యలేదు.