మిర్చి కల్లంలో రోము నాణెం

ఫిబ్రవరి ఆఖరు. వినుకొండ దగ్గర మా అత్తగారి ఊళ్లో కల్లం నిండా మిర్చి ఆరబోశారు. ఆ ఘాటుకి తుమ్ముతూనే ఆరో తరగతి చదివే మా అమ్మాయి అడిగింది: ‘నాన్నా, టైబీరియస్ ముక్కు ఎలా ఉంటుంది?’

సోమవారానికి రోము నాణెం నమూనా చేసుకురమ్మన్నారట బళ్లో. గుంటూరులో ఉంటే ఏ దుకాణంలోనో థర్మోకోల్‌ది కొనిచ్చేసేవాణ్ని. కానీ సొంత చేతులతోనే చేయాలని టీచరమ్మ షరతు.

రోముకీ వినుకొండకీ ఏం సంబంధమంటారా? 1889లో ఇక్కడే 15 రోమన్ బంగారు నాణేలు దొరికాయి. టైబీరియస్ మొదలు కరకల్లా వరకూ, దాదాపు రెండొందల ఏళ్ల చక్రవర్తులున్నారు వాటిమీద. ‘మసాలియా’ తీరంలో సన్నని నూలుబట్టలు విరివిగా నేస్తారని ఒకటో శతాబ్దపు గ్రీకు గ్రంథం ‘పెరిప్లస్’ రాసింది. అది మన కృష్ణా ముఖద్వారం ప్రాంతమేనని చరిత్రకారుల అంచనా. ఇండియా ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని రోములో ప్లినీ వాపోయాడు. ఇప్పుడు మనకింత పేరు తెచ్చిన మిర్చి మాత్రం అప్పటికి లేదు. అది పోర్చుగీసువాళ్లతో వచ్చింది.

ముందు చేలోని నల్లరేగడి తెచ్చి బిళ్లలు చేశాం. మధ్యాహ్నానికల్లా నెర్రెలిచ్చాయి. ‘అది పత్తికి మట్టి, పాత్రకి కాదు’ అని మా అత్తగారు నవ్వి, కుమ్మరివాళ్లింటి నుంచి పిసికిన మట్టి ముద్ద తెప్పించారు. ఒంటిసబ్బు మీద పిన్నీసుతో చక్రవర్తి తల చెక్కి, అందులో మట్టి అద్దింది అమ్మాయి. తల బాగానే వచ్చింది. పేరు మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడింది! అచ్చులో అక్షరాలు వెనక్కి చెక్కాలని నాకూ తట్టలేదు. రెండో సబ్బు పాడయ్యాక కుదిరింది.

ఈ పని మనకి కొత్తేం కాదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940ల్లో తవ్వితే టైబీరియస్ నాణేలకి మట్టి నకళ్లు బయటపడ్డాయి. వాటికి బంగారు పూత, మెళ్లో వేసుకోవడానికి పైన కొక్కెం. అసలు బంగారం అందనివాళ్లు మట్టితో ముచ్చట తీర్చుకున్నారేమో మరి. మన దేశంలో చేసిన నకళ్లలో చాలావాటి మీద అక్షరాలు ఉత్త గీతలై కనిపిస్తాయి. చదవడం రానివాళ్లు చెక్కితే అంతేగా. మా అమ్మాయి ఎంత ఊరట పడిందో!

ఆదివారం తెల్లారే పిడకల మంటలో పెట్టాం. పూర్తిగా ఆరనివ్వకుండా నేనే తొందరపడ్డాను. నాలుగింటిలో రెండు టప్పున పేలాయి. ఒకదానికి ముక్కు దగ్గర బీట. ఒక్కటే నిలిచింది.

ఆ రెండూ జేబులో వేసుకుని మాచర్ల మీదుగా అనుపు వెళ్లాం. రోమన్ల క్రీడారంగాన్ని తలపించే కట్టడం ఉందక్కడ. నాలుగువైపులా మెట్లు, మధ్యలో చదును. ఇక్ష్వాకుల విజయపురిలో, 1954-60 తవ్వకాల్లో వెలుగుచూసింది. కింద 1955లో ఆనకట్టకి పునాది పడింది, పైన పారలు ఆగకుండా ఆడాయి. లోయంతా మునగబోతుంటే ముఖ్యమైన కట్టడాలను గట్టుకి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మన పొలాలకి నీళ్లొచ్చాయి. ఆ నగరం ఆ నీళ్లకిందే ఉంది.

‘అంటే ఇదీ ప్రాజెక్టేనా నాన్నా?’ అంది అమ్మాయి, మెట్టుమీద కూర్చుని. అవునంటే చిన్నబుచ్చినట్టు, కాదంటే అబద్ధం. చాలాసేపు నీళ్లకేసి చూసి, తనే అడిగింది, దీన్ని కట్టినవాళ్లకి ఎన్నిసార్లు తప్పొచ్చిందోనని.

తిరిగొచ్చాక మా అత్తగారు బీటపడ్డ నాణెం అందుకుని, ‘తాడెక్కడ కడతావే?’ అన్నారు. కొండాపూర్ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మంచి నాణెం బడికెళ్లింది. బీటది వేపచెట్టు కింద కట్టేసిన దూడ మెళ్లో, ఎర్రదారంతో వేలాడుతోంది.