దారముతో కొలిచిన దూరము

శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బెంగుళూరి కెంతదూరమని యడిగిన సోదరీమణులకు మేము రెండు లెక్కలు చెప్పుచుందుము. ఒకటి ఆకాశపు లెక్క. రెండవది యింటి లెక్క.

ఆకాశపు లెక్క సుమారు 14,000 కిలోమీటరులు. ఆమడ కెనిమిది మైళ్ల చొప్పున వేయి యామడలకు మించును. గోడపటమును చూచినవారు పసిఫిక్ మహాసముద్రమున కడ్డముగా గీత గీయుదురు. అది దగ్గఱిత్రోవ కాదు. మా యింట బడిపిల్లలకై యుంచిన పండ్రెండంగుళముల భూగోళము కలదు. పూలు గ్రుచ్చు దారమును ఈ రెండు పట్టణములకు నడుమ బిగలాగి చూచితిమి. అది యలాస్కామీదుగా పైకెక్కి, ఉత్తరపు మంచుసముద్రము నంటి, సైబీరియామీదుగా దిగివచ్చినది. పొడవు పదుమూడంగుళములు.

2021 జనవరి 9వ తేది శనివారము రాత్రి ఎయిరిండియా విమానమొకటి శాన్‌ఫ్రాన్సిస్కో విడిచి, ఉత్తరధ్రువ ప్రాంతముమీదుగా పదునేడు గంటలకుపైగా ఎగిరి, సోమవారము తెల్లవారకమునుపే బెంగుళూరున దిగినది. దానిని నడపినవా రందఱును స్త్రీలే: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. నూఱు యోజనముల లంఘనమును విని పెరిగిన మాకు ఆ వార్త పండుగ యయినది.

ఇంటి లెక్కను 2023 మాఘమాసమున నేర్చితిమి. మా మామగారికి జబ్బు ముదిరి, రావలసినవారిని రప్పింపుడని వైద్యుడు చెప్పునప్పటికి రాత్రి పండ్రెండున్నర. ఆడుబిడ్డ యుండునది శాన్‌ఫ్రాన్సిస్కోలో. ఇంత రాత్రివేళ చెప్పనేల, తెల్లవారనిండని కొంద ఱనిరి. గడియారము చూచితిమి. మనకన్న పదుమూడున్నర గంటలు వెనుకబడిన ఆ యూరిలో పగలు పదునొకండు. వెంటనే ఫోను చేసితిమి. ఆ రాత్రి విమానమున చోటు దొరకినది. అప్పట్లో అది వారమునకు మూడుమారులే నడచుచుండెడిది. మేము తెల్లవారువఱకు ఆగినచో అది తప్పిపోయెడిదే.

ఆమె యిల్లు విడిచి విమానమెక్కుటకు నాలుగు గంటలు, ఆకాశమున పదునేడున్నర, దిగినపిదప తనిఖీలకును పెట్టెలకును గంటన్నర, అచ్చటినుండి మా హిందూపురమునకు కారులో రెండు. వెరసి యిరువదియైదు గంటలు.

మామగారు మాటిమాటికి “పాప యెందాకా వచ్చె?” యని యడుగుచుండిరి. ఆయనకు చూపు మందగించినది. అందుచే ఆ దారమునకు ముప్పాతిక యంగుళమున కొకటి చొప్పున గంటకొక ముడి, పదునేడు ముడులు వేసి, చేతి కిచ్చితిమి. గాలులనుబట్టి విమానము త్రోవ మార్చుకొనియుండవచ్చును. మా ముడులు మాత్రము గడియారముతో నడచినవి. ఆయన వ్రేలితో తడవి లెక్కించుకొనుచు పదునొకండవ ముడికడ నిదురించిరి.

మఱునాటి యుదయ మెనిమిదింటికి ఆడుబిడ్డ గుమ్మమున నిలిచినది. ఆయన యామె చేయి పట్టుకొని, “ముడులన్నీ అయిపాయ” యనిరి. మఱి తొమ్మిదిదినములు బ్రతికిరి.

బిడ్డలు దూరదేశముల నున్న సోదరీమణులారా! విమాన మెగురు గంటలనుమాత్రమే యడిగి యూరకుండవలదు. గుమ్మమునుండి గుమ్మమునకు లెక్కకట్టి, రెండూళ్ల వేళలతో పంచాంగపు అట్టలోపల వ్రాసి యుంచుకొనుడు. కబురు చెప్పవలసివచ్చిన రాత్రి తెల్లవాఱుటకై వేచియుండకుడు. మనకు రాత్రియైనప్పుడు వారికి పగలే.