రూపాయి బిళ్ళతో బోటు బేరం

పాత బోటు కొనడానికి వెళ్ళేటప్పుడు జేబులో ఎంతుండాలండీ అని అడుగుతుంటారు మిత్రులు. వేలూ లక్షలూ తరవాత, ముందు ఒక రూపాయి బిళ్ళ ఉండాలి. నవ్వకండి, చెప్తాను.

మాది తాళ్ళరేవు పక్క. ఒకప్పుడు కోరంగి ఓడలు కట్టిన సీమ. అలాంటి చోట పుట్టి ఫైబరు బోటు కొంటానంటే మా పెదనాన్నగారు ఊరుకుంటారా? "కర్ర పుచ్చితే కంటికి కనపడుద్ది. ఆ ప్లాస్టిక్ తొట్టి ఎప్పుడు ముంచుద్దో ఎవడికి తెలుసురా" అన్నారు. కర్రపడవ తప్ప మరోటి ఎక్కని మనిషి. చాదస్తం అనుకున్నాను గానీ, అందులో సగం నిజముంది. ఫైబరు పుచ్చదు. దాని పొట్టలో దాచిన కర్ర పుచ్చుతుంది.

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డెక్కి ఉంటాయి. కొనేవాడికి అంతకంటే మంచి ముహూర్తం లేదు. నీళ్ళ మీద ఉన్న బోటు తన అడుగు చూపించదు కదా.

నేను చూసింది 18 అడుగుల బోటు, వెనక తగిలించిన 15 హార్స్ పవర్ పెట్రోలు ఇంజను. కొత్త నీలం రంగు తళతళలాడిపోతోంది. నేను మురిసిపోయాను, వెంట వచ్చిన మేస్త్రి మొహం చిట్లించాడు. "ఇల్లు అమ్మకానికి పెట్టేముందు సున్నం ఎందుకేయిస్తారండీ?" అని, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి అడుగంతా జానెడు జానెడుకీ కొట్టుకుంటూ పోయాడు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అచ్చం అలాగే. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది. పొరలు విడిపోయినచోటా, లోపల చెక్క నానినచోటా బొద్దుమంటుంది. అడుగు బాగానే పలికింది. ఇంజను తగిలించే వెనక పలక దగ్గరికి వచ్చేసరికి కుడిమూల బొద్దుమంది.

ఆ పలకే ఈ బోట్లకి ప్రాణస్థానం. రెండు ఫైబరు పొరల మధ్య ప్లైవుడ్ పెట్టి కడతారు. ఎవడో బోల్టుకి రంధ్రం వేసి, లక్క పెట్టడం మరిచిపోతాడు. చుక్క చుక్కా నీరు దిగి, నాలుగైదేళ్ళకి లోపలంతా తడి రొట్టె అవుతుంది. పైకేమో నీలం రంగు! రూపాయి బిళ్ళ లేకపోయినా ఒక ఉపాయం ఉంది. ఇంజను తలకాయ పట్టుకుని కిందికీ పైకీ ఆడించి చూడండి. పలక కూడా కదిలిందా, నమస్కారం పెట్టి వచ్చేయండి. మాది కదల్లేదు, మూల మాత్రమే పోయింది. ఆ మూల చూపించి అడిగిన ధరలో మూడోవంతు తగ్గించాను.

అడుగున మొటిమల్లా చిన్న బొబ్బలు కనిపిస్తే కంగారుపడకండి. సూదితో ఒకటి పొడిస్తే పుల్లటి వెనిగర్ వాసనతో నీరు కారుతుంది. నాలుగైదుంటే గీకి, బాగా ఆరబెట్టి, ఎపాక్సీ పూస్తే సరి. ఒళ్ళంతా ఉంటే మాత్రం ఆ బోటుకి తట్టు పోసిందన్నమాట, వద్దు.

ఇక ఇంజను. మీరు వెళ్ళేసరికి అది వెచ్చగా ఉంటే అనుమానించండి. చల్లటి ఇంజను పలకదని తెలిసే, అమ్మేవాడు ముందే లేపి కూర్చోబెట్టాడన్నమాట. తరవాత కింద గేరుపెట్టె మర తిప్పి నూనె చూడండి. పాలు పోసిన కాఫీలా ఉంటే సీళ్ళు పోయి నీరు దిగినట్టే. ప్లగ్గులు తీసి కంప్రెషన్ కొలిపించండి. అంకె ఎంతన్నది కాదు, సిలిండర్ల మధ్య తేడా నూటికి పది దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యం స్పేర్లు. ఈ జాతి ఇంజన్లకి పేరు తెచ్చిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీలో వాటి తయారీ మొదలుపెట్టాడు. ఎండలో చెరువు దాటి తెచ్చేలోగా కాబోయే భార్యకి తెస్తున్న ఐస్‌క్రీం కరిగిపోయిందని కసిపుట్టి తయారుచేశాడని కథ. ఎంత నిజమో గానీ మంచి కథ. అంత పేరున్న ఎవిన్‌రూడ్ ఇంజన్ల తయారీ కూడా 2020లో ఆగిపోయింది. అందుకని ఇంజను మొహం కాదు, కాకినాడలో దాని రబ్బరు ముక్క దొరుకుతుందా లేదా చూడండి.

ఆ రబ్బరు ముక్క సంగతి చెప్పాలి. ఇంపెల్లర్ అంటారు, చిన్న రబ్బరు పువ్వు. చల్లదనానికి నీళ్ళు పైకి తోడేది అదే. ఇంజను పక్కనుంచి పిచికారీలా నీళ్ళు కొడుతుంటుందే, ఆ ధార సన్నబడిందంటే వెంటనే ఆపేయాలి. ఏడాదికో రెండేళ్ళకో మార్చేస్తే గొడవ లేదు.

కొన్న మొదటి ఏడాది నేను చేసిన తెలివితక్కువ పని వినండి. వానాకాలమంతా ట్యాంకులో పెట్రోలు అలాగే వదిలేశాను. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంది కదా, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. ఎక్కువైతే నీటితో కలిసి విడిపోయి అడుక్కి చేరుతుంది. ఇంజను మొదట తాగేది ఆ అడుగునే! దసరా వెళ్ళాక సరదాగా మడ అడవుల వైపు బయల్దేరితే, నడుమ రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. అప్పుడే ఆటు మొదలైంది. అరగంటలో బోటు బురదలో, నేను బోటులో, దోమలు నా మీద. చివరికి ఓ పీతల వలవాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. దారంతా ఒక్కమాటా అనకుండా నవ్వుకున్నారు, అదే ఎక్కువ బాధ. అప్పట్నుంచి పని లేనప్పుడు ట్యాంకు ఖాళీ, కార్బురేటర్ ఖాళీ.

మిగతా సేవ పెద్దదేం కాదు. మాది టూస్ట్రోక్ ఇంజను గనక యాభై లీటర్ల పెట్రోలుకి ఒక లీటరు నూనె, అదీ బోటు ఇంజన్ల కోసం చేసిందే, మోటారుసైకిల్ది కాదు. ఉప్పునీళ్ళనుంచి రాగానే నీలం డ్రమ్ములో మంచినీళ్ళు నింపి, ఇంజను కాళ్ళు అందులో ముంచి పది నిమిషాలు తిప్పాలి. అడుగున బిగించిన జింకు దిమ్మ సగం అరిగిపోతే మార్చాలి. ఉప్పు తినడానికి ఏదో ఒకటి కావాలి కదా, ఇంజను బదులు అది బలవుతుంది. మా బోటు పాత యజమాని అందానికని దానిక్కూడా నీలం రంగేశాడు. బలి మేకకి కవచం తొడిగినట్టుంది!

మొన్న పెదనాన్నగారు వచ్చి బోటు చుట్టూ తిరిగారు. నేను బాగుచేయించిన మూలని మెల్లగా తట్టారు. ఏమనలేదు. వెళ్తూ వెళ్తూ, "ఒరే, ఆ రూపాయి బిళ్ళేదీ" అని అడిగి పుచ్చుకున్నారు. కాసేపటికి ఆయన కర్రపడవ వైపునుంచి టక్ టక్ మని వినిపించింది. టక్, టక్, బొద్దు.

నేను డ్రమ్ములో నీళ్ళు నింపుకుంటున్నాను, తలెత్తలేదు.