ఆరని అంగీ

మా అనంతపురం గురించి బయటివారికి తెలిసిన సంగతి ఒక్కటే, కరువు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ కురిస్తే. వేరుసెనగ విత్తి మబ్బులకేసి చూడడమే ఇక్కడి వ్యవసాయం. అటువంటి చోట, కల్యాణదుర్గం దాపున ఉన్న మా అక్క ఇంట్లో రోజూ పది పన్నెండు చిన్న తువ్వాళ్ళు దండెం మీద ఆరుతూ ఉండేవి. ట్యాంకరు వచ్చిననాడు అక్క అందరికంటే రెండు బిందెలు ఎక్కువ పట్టుకునేది. వరుసలో వెనుకనున్నవారు గొణిగేవారు. ఆ రెండు బిందెలూ నా మేనల్లుడి గుడ్డలకు.

వాడు నెలలు నిండకుండా పుట్టాడు. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. నోటినుండి ఎప్పుడూ చొంగ కారుతూ ఉండేది. మా ఇంట్లో జొల్లు అంటాము. ఏడాది పిల్లవాడప్పుడు "పళ్ళొస్తాండాయిలే" అంది మా అవ్వ. రెండేళ్ళప్పుడూ అదే మాట. నాలుగేళ్ళు దాటాక ఆ మాట మానుకుంది. వైద్యులు కూడా దాదాపు అక్కడే గీత గీస్తారని తరువాత తెలిసింది. పసివారికి చొంగ సహజం. నాలుగేళ్ళు దాటినా ఆగకపోతే చూపించుకోవలసిందే.

వాడికి లాలాజలం ఎక్కువగా ఊరుతున్నదని చాలాకాలం అనుకున్నాను. అది నా అజ్ఞానం. ఇటువంటి పిల్లల్లో చాలామందికి అది అందరికీ ఊరినంతే ఊరుతుంది. మనము తెలియకుండానే మింగేస్తూ ఉంటాము. పెదవులు మూసి, నాలుకతో వెనుకకు నెట్టి, గుటక వేయడమనే ఆ చిన్న పని వాడి కండరాలకు చేతకాదు. తల ముందుకు వాలితే ఇక చెప్పనక్కరలేదు.

గడ్డం కింద చర్మం ఎర్రగా ఒరిసిపోయేది. బడిలో పుస్తకాలు తడుస్తున్నాయని వాణ్ణి వేరుగా కూర్చోబెట్టారు. పక్కన కూర్చోవడానికి పిల్లలు ఒప్పుకోలేదట. మాట రానివాడికి బుద్ధి కూడా లేదనుకునే లోకం మనది. తడిసిన అంగీ ఆ అనుమానానికి సాక్ష్యంగా నిలిచేది. నిజానికి వాడికి అన్నీ అర్థమవుతాయి. అవునంటే కళ్ళు పైకెత్తుతాడు, కాదంటే మూస్తాడు.

మొదట వ్యాయామాలు. నిటారుగా కూర్చోవడం, పెదవులు మూయడం, గుటక గుర్తుచేయడం. వికలాంగులను ఇంటి మూలనుండి బయటికి తెచ్చే పని మా జిల్లాలో చాలావరకు చేసినది, విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికి వచ్చి నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు. ఆ ధైర్యం లేకపోతే అక్క వాణ్ణి ఎత్తుకుని ఊరు దాటి ఉండేది కాదేమో. వ్యాయామాలతో కొంత మేలు కనిపించింది, కానీ తువ్వాళ్ళ లెక్క పెద్దగా తగ్గలేదు.

తరువాత గ్లైకోపైరోలేట్ అనే మందు. నోరు ఆరింది. కానీ అది లాలాజలంతో పాటు చెమటను కూడా తగ్గిస్తుంది. ఏప్రిల్లో, 40 డిగ్రీలు దాటిన ఎండలో, చెమట పట్టని పిల్లవాడి ఒళ్ళు పెనంలా కాలింది. మలబద్ధకం సరేసరి. వైద్యుడు వెంటనే ఆపించాడు. గ్రంథుల్లోకి బొటులినమ్ ఇంజక్షన్ ఇస్తే కొన్ని నెలలు పనిచేస్తుంది, మళ్ళీ ఇవ్వాలి. రెండుసార్లు బెంగళూరు వెళ్ళివచ్చేసరికి బావ అప్పు చేయవలసివచ్చింది.

అప్పుడు శస్త్రచికిత్స మాట వచ్చింది. 1967లో విల్కీ అనే కెనడా వైద్యుడు చెంపల దగ్గరి గ్రంథుల నాళాలను గొంతు వెనుకకు మళ్ళించే పద్ధతిని ప్రకటించాడు. ఊరికే ఉన్నప్పుడు ఊరే లాలాజలంలో సగానికి పైగా దవడ కింది గ్రంథులదే కనుక, తరువాతివారు ఆ నాళాలమీద దృష్టి పెట్టారు. నాళాలను కట్టివేయడం, గ్రంథులను తీసివేయడం కూడా ఉన్నాయి. గ్రంథిని నడిపే నరాన్ని కోసే పద్ధతి కూడా ఉండేది కానీ, దానితో నాలుక రుచి పోతుంది.

డాక్టరుగారు బొమ్మ గీసి చూపగానే బావ, "అంటే కాలువ మళ్ళిస్తారన్నమాట" అన్నాడు. ఆయన నవ్వి, "నీళ్ళు మళ్ళిస్తే అందుకునే చేను ఉండాలి కదా. మింగడం సరిగా లేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తుంది" అన్నారు. ముందు వాడి మింగుడు పరీక్షించారు. ఫర్వాలేదన్నారు.

అవ్వ ఒప్పుకోలేదు. "జొల్లు పానం తీస్తాదా? దానికి కత్తెందుకు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇది వాడి కోసమా, లేక నలుగురిలో మా కోసమా అని నాకూ అనిపించింది. మేమంతా వాదించుకుంటుండగా డాక్టరుగారు వాడివైపు తిరిగి నెమ్మదిగా అన్నీ వివరించారు, నొప్పితో సహా. తరువాత, "నీకు కావాలా?" అని అడిగారు. వాడు కళ్ళు పైకెత్తాడు. చాలాసేపు దించలేదు. తొమ్మిదేళ్ళలో వాణ్ణి ఆ ప్రశ్న మేమెవరమూ అడగలేదు.

2017లో చేశారు. బయట కోత లేదు, అంతా నాలుక కిందనే. అక్కడి చిన్న గ్రంథులను కూడా తీసివేశారు. నాలుక వాచి, ఊపిరికి ఇబ్బంది రావచ్చని మొదటి రాత్రి ఐసీయూలో ఉంచారు. ఆ రాత్రి అవ్వ ముఖం చూడలేకపోయాను. వారంపాటు పలుచని రాగి గంజే.

పూర్తిగా ఆరిపోలేదు. పది పన్నెండు తువ్వాళ్ళు రెండు మూడయ్యాయి. లాలాజలం తగ్గితే పళ్ళు పుచ్చుతాయి కనుక అక్క రోజూ రెండుపూటలా తోముతుంది. ఆ ఉగాదికి కొన్న నీలం అంగీ ఉదయం తొడిగితే సాయంత్రం దాకా ఒంటిమీదే ఉంది. అవ్వ దాని కాలరు రెండుసార్లు తడిమి చూసింది. ఏమీ అనలేదు.

మీకు తెలిసిన ఇంట్లో ఇటువంటి బిడ్డ ఉంటే, కత్తిదాకా వెళ్ళకముందు దారులు చాలా ఉన్నాయని చెప్పండి. మింగుడు పరీక్ష తప్పక చేయించుకోమనండి. ఏ నిర్ణయమైనా తీసుకునేముందు ఆ బిడ్డనూ ఒకమాట అడగమనండి.